వెనక నుంచి వచ్చే గొంతు

కడప,
21 ఫిబ్రవరి 2004, శనివారం,
ఉదయం తొమ్మిది గంటలు.

కోయిలకుంట్ల విశ్వాసమ్మక్క గారికి,

మీరెన్నడూ చూడని సుచరిత చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. మీరూ, ఏసన్న గారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. శనగ కోతలు సగమైనా అయ్యాయా? ఇక్కడ నేను క్షేమమే గాని నిమ్మళంగా లేను. నా కంటే రెజీనాక్క ఇంకా నిమ్మళంగా లేదు. ఆ పేరు చూడగానే ఉత్తరం మడిచి పక్కన పెట్టొద్దు. ఒక్క పేజీ చదవండి, తరవాత మీ ఇష్టం.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం నేను లేవకముందే వచ్చింది. మా హాస్టల్ వార్డెన్ మహాదేవమ్మ గారు నా దుప్పటి లాగి, "లెయ్ మే, గేటు కాడ ఎవురో కుంటుకుంటా తిరుగుతాండాది, నీ పేరే చెప్తాండాది" అన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. రెజీనాక్క! నేను రాసిచ్చిన నోటుబుక్కును గేటు చువ్వల సందులోంచి లోపలికి తోసి, "ఇది నీది, నువ్వే పెట్టుకో. రేపు టీవీలో నేను మాట్లాడను. ధనుంజయకు నువ్వే చెప్పు" అంది. వార్డెన్ గారు తాళం తీసేలోపే రోడ్డు దాటి వెళ్లిపోయింది. కుంటే మనిషి అంత వేగంగా నడవగలదని నాకు ఇప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి నేను కూర్చోలేకపోతున్నాను. ఏడింటికి బూత్‌కు వెళ్లి మీ పక్కింటి వాళ్ల నంబరుకు ఫోన్ చేసింది నేనే. కడప నుంచి, రెజీనాక్క తరఫున అనగానే మీరు పెట్టేశారు. రెండోసారి, "శనగలు రాలిపోతాండాయి, నాకు శానా పనుండాది" అని పెట్టేశారు. అందుకే ఉత్తరం. ఫోన్ పెట్టేసినంత సులువుగా దీన్ని పెట్టేయలేరని నా ఆశ. కోయిలకుంట్ల బస్సు డ్రైవరు ప్రేమయ్య గారు మీ చర్చికే వస్తారట. మీ ఇల్లు తెలుసా అని అడిగితే నవ్వారు. "విశ్వాసమ్మ ఇల్లా? బస్సు ఊర్లోకి తిరగకముందే ఆమె గొంతు వినపడతాది పాపా" అన్నారు. రెండు గంటల బస్సుకు దీన్ని ఆయన చేతికి ఇస్తాను. సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది.

ముందు నేనెవరో చెప్పాలి. మాది బద్వేలు. మా నాన్న రామకోటయ్య గారికి బజారులో కిరాణా అంగడి ఉంది. నేనిక్కడ బి.ఏ. రెండో సంవత్సరం, తెలుగు చదువుతున్నాను. మా ఊరి బడిలో రెజీనాక్క మూడేళ్లు ఆటల టీచరుగా ఉండింది. మేడం అని పిలిస్తే బంతి మీదికి విసిరేది, అందుకే అందరికీ అక్క అయింది. ఆడపిల్లలందరి చేతా ఫుట్‌బాల్ ఆడించింది. నన్ను వారం రోజులు చూసి, "అంగడోళ్ల పాపా, నీ కాళ్లకు బంతి కనపడదు గాని నీ నోటికి అంతా కనపడతాది. గీత అవతల కూర్చోని చూసింది రాయి" అంది. ఆ రోజు నుంచి రాయడం ఆపలేదు. మాటలంటే ఇంత పిచ్చి పట్టింది ఆ గీత అవతలే.

ఇప్పుడు మా కాలేజీ సంచికకు రెజీనాక్క ఆట జీవితం రాస్తున్నాను. ఆమె రేకు పెట్టెలోని పేపరు కత్తిరింపులు తొమ్మిదీ తేదీల వారీగా అట్ట మీద అంటించాను. ఒంటిమిట్ట దగ్గరి పల్లెలో శాంతయ్య గారి కూతురు, చర్చి వెనక బయల్లో గుడ్డ బంతి తన్నిన పిల్ల, మిషన్ హాస్టల్లో ఎనిమిదో తరగతిలో చేరి జిల్లాకు ఆడడం, అక్కడి నుంచి రాష్ట్రానికి ఆడడం, రెండేళ్లు కెప్టెన్ కావడం, ఎడమ కాలితో కార్నర్ నుంచి నేరుగా గోలు వెయ్యడం. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు, ఎందుకంటే ఆ తొమ్మిది కత్తిరింపుల్లో ఏడింటిలో మీరున్నారు. ఎప్పుడూ అంచునే ఉన్నారు. ఒకదాంట్లో మీ ముఖం లేదు, గోల్‌కీపర్ గ్లవుజు మాత్రమే ఉంది. అది ఎవరిదని అడిగితే రెజీనాక్క, "విశ్వాసిది" అని అట్టను బోర్లా తిప్పేసింది.

కర్నూలు సంగతి కూడా నాకు తెలుసు, అక్కా. తొమ్మిదేళ్ల కిందటి రాష్ట్ర ఫైనల్. ఆట ముగియడానికి ఐదు నిమిషాలు కూడా లేవు, మన కడప జట్టు ఒక గోలు ముందుంది. అవతలి వాళ్లకు కార్నర్ వచ్చింది. కాపు కాయడానికి రెజీనాక్క కూడా గోలు ముందుకు వచ్చింది. బంతి ఎత్తుగా వచ్చింది. గోల్‌కీపర్ బంతి పట్టడానికి వస్తే "నాది" అని అరవాలనీ, ఆ మాట వినపడితే సొంత జట్టు వాళ్లందరూ తప్పుకోవాలనీ రెజీనాక్క మాకు బడిలో మొదటి వారమే నేర్పించింది. ఆ రోజు మీరు పిలవలేదు. ఇద్దరూ ఒకే బంతికి ఎగిరారు, రెజీనాక్క మోకాలు మీ కింద పడింది, బంతి గోలులో పడింది. ఆమె మళ్లీ ఆడలేదు. మీరూ ఆడలేదని విన్నాను. "విశ్వాసి పిలవల్య" అని ఆమె చాలాసార్లు చెప్పింది, ఆ పైన ఒక్క మాట ఎక్కువ చెప్పదు.

పెద్దవారికి చిన్నదాన్ని చెప్పడం బాగుండదు గాని, ఒకటి చెప్పనివ్వండి. పొరపాటు ఎవరైనా చేస్తారు. అంత గోలలో గొంతు పెగలకపోయి ఉండవచ్చు. రెజీనాక్క మిమ్మల్ని ఎప్పుడో క్షమించిందని నా మనసుకు తోస్తుంది. మీరు సిగ్గుపడి తొమ్మిదేళ్లు దూరంగా ఉండడం చాలు. వచ్చే బుధవారం మీకు శ్రమకాలం ఉపవాసాలు మొదలవుతాయి కదా, ఈలోపే ఒకరినొకరు చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి పైన కేబుల్ చానల్ నడిపే ధనుంజయ గారు, కడపలో జరుగుతున్న ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలను టీవీలో చూపిస్తున్నారు. అంగడి పై గదిలో మైకు ముందు కూర్చుని ఆట చూస్తూ మాట్లాడడానికి ఫుట్‌బాల్ తెలిసిన వాళ్లు దొరకలేదు. నేను వెళ్లి రెజీనాక్క పేరు చెప్పాను. బాగా మాట్లాడితే ఏప్రిల్ నుంచి రోజూ సాయంత్రం ఆటల వార్తలు ఆమే చెప్పాలి, ఇంటింటా ఆమే కనపడాలి అని ధనుంజయ గారు మాటిచ్చారు. ఏప్రిల్లోనే ఇక్కడి బడిలో ఆమె ఉద్యోగం గడువు తీరుతుంది. మోకాలు ఇంక నిలబడనంటోంది. ఆ మైకు తప్ప ఆమెను ఆట దగ్గర ఉంచేది వేరే ఏదీ లేదు.

సోమవారం మొదటి మ్యాచికి నేను నోటుబుక్కు నిండా రాసిచ్చాను. నాకు తెలిసిన అందమైన మాటలన్నీ అందులో పెట్టాను. పరుగుకే పదకొండు మాటలు వెతికాను. ఆమె నమ్మకంగా చదివింది. "ఉదయభానుని తొలికిరణం వలె మైదానాన్ని చీల్చుకుంటూ" అని ఆమె చదువుతూ ఉండగానే గోలు పడింది, పిల్లలు గంతులు వేశారు, బంతి మళ్లీ నడుమకు వచ్చింది. ఆమె ఇంకా చీల్చుకుంటూనే ఉంది. ధనుంజయ గారు తల పట్టుకుని, "ఏమ్మా, ఆడ గోలు పడి పిల్లోళ్లు ఎగురుతాంటే నువ్వింకా సూర్యోదయం కాడనే ఉండావే" అన్నారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

బుధవారం ఆమె నోటుబుక్కు తెరవలేదు. "పోయింది, పోయింది, ఆ పిల్ల ఎడమకే తిరుగుతాది చూడండి, తిరిగింది, కొట్టు పాపా, అయ్యో గోడకు కొట్టినావే!" అని ఆమె నోటికొచ్చినట్టు చెబుతుంటే, కింద టీ అంగడిలో జనం గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. అంత చిన్న మాటలు అంత పని చేస్తాయని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ధనుంజయ గారు ఆ రోజే బోర్డు మీద ఆమె పేరు రాయించడానికి పెయింటరుకు కబురు పెట్టారు.

నిన్న శుక్రవారం సెమీఫైనల్. సగం ఆట వరకూ బాగానే ఉంది. తరవాత కర్నూలు పిల్లల గోలు మీదికి ఎత్తు బంతి ఒకటి వచ్చింది. గోల్‌కీపర్ పిల్లకు పదహారేళ్లుంటాయి. "నాది!" అని అరిచింది. మైదానంలో పెట్టిన మైకులోంచి పై గదిలో మాకూ వినపడింది. తన్నడానికి కాలెత్తిన వాళ్ల జట్టు బ్యాక్ పిల్ల కాలు వెనక్కి తీసుకుని పక్కకు తప్పుకుంది. కీపరు బంతి పట్టుకుంది. అంతే, ఏమీ జరగలేదు. మూడు సెకన్ల పని. కానీ రెజీనాక్క గొంతు అక్కడే ఆగిపోయింది. పదకొండు నిమిషాలు టీవీలో బొమ్మ తప్ప మాట లేదు. మోకాలి నొప్పేమోనని నీళ్లిచ్చాను. "మాట్లాడక్కా" అని చీటీ రాసి ముందు పెట్టాను. తెలియని భాషలో ఉన్నట్టు దాన్ని చూసింది. ఫోన్లు మొదలయ్యాయి. ధనుంజయ గారు వచ్చి, "నేను చూపించేది మూగ సినిమా కాదమ్మా. ఆదివారం ఫైనల్ గూడా ఇట్లనే అయితే మా బావను కూర్చోబెడతా. క్రికెట్ చెప్తాడు గదా, అదీ బంతే, ఇదీ బంతే" అన్నారు.

పదకొండున్నర. భోజనానికి పిలిచారు, పోలేదు. మహాదేవమ్మ గారు నా గది ముందు నుంచి పోతూ, "ఎవురికి మే ఆ రామాయణం? మీ నాయినకు కాదని తెలుస్తానే ఉండాది" అని ఎకసెక్కమాడి వెళ్లారు. నాలుగో కాగితం తీసుకున్నాను. ఇంతవరకూ ఎనిమిదిసార్లు లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాను, రెజీనాక్క మళ్లీ వస్తుందేమోనని.

ఆ పిల్ల పిలిచిన పిలుపు విని, ఆ రోజు మీరు పిలవని పిలుపు గుర్తొచ్చి ఉంటుందని నా ఆలోచన. ఒకసారి బద్వేలులో ఆమె నాతో చెప్పింది, "ఎనిమిదేళ్లు నేను వెనక్కి తిరిగి చూడల్య. చూసే పని నాకేముండాది, వెనక విశ్వాసి ఉండాది గదా. ఎడమకు తిప్పు, మనిషి వస్తాండాది, వదులు, కొట్టు, అని తొంభై నిమిషాలూ నోరు మూయదు" అని. తిట్టినట్టే చెప్పింది గాని ఆ సాయంత్రం ఆమె ముఖం అంత తేటగా మళ్లీ నేను చూడలేదు. మైదానమంతా కనపడేది గోల్‌కీపర్ ఒక్కతెకే అట. అంటే అక్కా, ఆ ఎనిమిదేళ్లూ ప్రతి మ్యాచికీ వ్యాఖ్యానం చెప్పింది మీరే. వినింది ఆమె.

అందుకే అడుగుతున్నాను. రేపు ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫైనల్. మీరు వచ్చి ఆమె పక్కన కూర్చోండి. మైకు ముందు మాట్లాడనక్కర్లేదు. వెనక మీరు ఉన్నారని తెలిస్తే చాలు, ఆమె మాట్లాడుతుంది. ఆదివారం ఆరాధన మానేసి రమ్మంటున్నానని కోపం వద్దు. పొద్దున బస్సుకు వస్తే ఇక్కడి చర్చికే పోవచ్చు, నేను దారి చూపిస్తాను. శనగలు ఒక్క రోజు ఆగుతాయి. ఆమె ఆగేలా లేదు.

ఈ ఉత్తరం సంగతి రెజీనాక్కకు తెలియదు. తప్పులుంటే చిన్నదాన్నని మన్నించండి.

మీ జవాబు కోసం కిటికీ దగ్గర నిలబడిన,
సుచరిత

తా.క. ఒంటిగంటన్నర, కడప బస్టాండు. చేతిరాత వంకరగా ఉంటే మోకాలి మీద పెట్టి రాస్తున్నందుకు.

అక్కా, పైన రాసిందాంట్లో ఒక పెద్ద అబద్ధం ఉంది. నాకు తెలియక రాశాను.

కవరు పట్టుకుని బస్సు దగ్గరికి వస్తుంటే, ఒంటిమిట్ట బస్సు ఆగే చోట బల్ల మీద రెజీనాక్క కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచి. ఊరికి వెళ్లిపోతోంది. కవరు మీద మీ పేరు చూసింది. నా చేతిలోంచి తీసుకుని, చించి, నిలబడే నాలుగు కాగితాలూ చదివింది. ఆమె మిమ్మల్ని క్షమించిందని నేను రాసిన చోటికి వచ్చేసరికి బల్ల మీద కూర్చుండిపోయింది. ఒంటిమిట్ట బస్సు వచ్చింది, కండక్టరు రెండుసార్లు పిలిచాడు, బస్సు వెళ్లిపోయింది. తరవాత, "పెన్ను ఉండాదా? నేను చెప్తా, నువ్వు రాయి. నీ పూలూ కిరణాలూ పెట్టొద్దు" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

విశ్వాసి పిలిచింది. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచింది. నాకు వినపడింది. ఆ పొద్దు ముందు వరసలో ఎంపిక చేసేవాళ్లు కూర్చోనుండారు, దేశానికి ఆడే పదహారు మంది పేర్లు రాసుకుంటాండారు. ఎనిమిదేళ్లు ఆమె నాది అంటే నేను తప్పుకుంటా వచ్చినా. ఆ ఒక్క బంతి నాది కావాలనుకున్నా. ఆస్పత్రిలో కోచ్ వచ్చి అడిగినాడు, విశ్వాసి పిలిచిందా అని. పిలవల్య అన్నా. కాలు పోయిందని తెలిసిన పూట, ఇంకోమాట నోటికి రాల్య. మరుసటి నెల ఆమెను జట్టులోంచి తీసేసినారు. పిలవని కీపరు ఎవురికి కావాల? నా ఆట నా కాలితో పోయింది. ఆమె ఆట నా నోటితో పోయింది. నిన్న ఆ పిల్ల పిలుస్తానే ఇంకో పిల్ల కాలు వెనక్కి తీసుకునింది. అంత సులువు అది. దాన్ని చూసినంక నేను మైకు పెట్టుకోని ఎవురి తప్పు చెప్పేది?

ఇంతే చెప్పింది. నేను పై కాగితాలు తిరగేసి నా మాటలు మళ్లీ చదివాను. మిమ్మల్ని క్షమించడం, సిగ్గుపడొద్దనడం, శ్రమకాలం గురించి మీకే బోధించడం! ఆ పేజీ చింపేసి వేరే రాస్తానన్నాను. రెజీనాక్క ఒప్పుకోలేదు. "ఉండనీ. తొమ్మిదేళ్లు నేను ఊరంతా ఏం చెప్పుకోని తిరిగినానో ఆమె చదవాల. నిన్ను చూసి కొంచెం నవ్వుకుంటాది గూడా" అంది.

అయితే ఈ బస్సుకే పోదాం పదమన్నాను. దానికీ తల అడ్డంగా ఊపింది. "ఉత్తరం ముందు పోవాల, నేను తరవాత పోవాల. తలుపెయ్యాల్నా తియ్యాల్నా అనుకునేదానికి ఆమెకు టైం ఇయ్యాల గదా" అంది. మీరు వచ్చి పక్కన కూర్చోవాలని నేను రాసిన వరసను కొట్టేయమంది. ఆ ఒక్క వరసా కొట్టేయలేదు, కానీ అది ఆమె కోరిక కాదు, నాది మాత్రమే అనుకోండి. మీరు వచ్చినా రాకున్నా నాలుగింటికి మైకు ముందు కూర్చుంటానంది. ధనుంజయ గారికి ఆ మాట ఇప్పుడే బూత్ నుంచి చెప్పొచ్చాను.

ప్రేమయ్య గారు ఇంజను వేశారు, హారన్ కొడుతున్నారు. "రాసింది చాలు పాపా, మిగతాది నేను నోటితో చెప్తాలే" అంటున్నారు. ఆయన ఏమీ చెప్పకుండా చూడండి.

రేపు పొద్దున నాలుగున్నర బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాం. ఎనిమిదికల్లా కోయిలకుంట్లలో దిగి, మీరు ఆరాధనకు పోకముందే మీ వాకిటికి వస్తాం. తిరుగు బస్సు పదిన్నరకు ఉంది. గుర్తుపట్టడం కష్టం కాదు, కుంటుతూ వచ్చేది ఆమె, నోటుబుక్కు లేకుండా వచ్చేది నేను. లోపలికి రాం, గడప అవతలే నిలబడతాం. తప్పుకోమని మీరు ఒక్క మాట అంటే చాలు, ఈసారి తప్పుకుంటుందట.